వాల్వ్ టీవీకి ఆయుధపూజ

2003లో దసరాల ముందు సంగతి. యానాంలో ఫరంపేట వెళ్ళే దారిలో నాకు టీవీ రిపేరు షాపు ఉండేది. అప్పటికి దాదాపు అందరి ఇళ్ళలోకీ కలర్ టీవీలు, కేబుల్ కనెక్షన్లు వచ్చేశాయి. పనిచెయ్యని రిమోట్లు, పిడుగుపాటుకి మాడిపోయిన బోర్డులు, వీటితోనే నా రోజు గడిచిపోయేది. కరెంటంటే నాకు మొదటినుంచీ భయం. ఈ పనిలోకి వచ్చాక అది తగ్గకపోగా ఇంకా పెరిగింది. కాళ్ళకి చెప్పులు లేకపోతే నేను స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోనని పక్క షాపులవాళ్ళు ఆటపట్టించేవారు. ముట్టుకోను, నిజమే.

ఒకరోజు దరియాలతిప్ప నుంచి వెంకటరమణ అనే రొయ్యల రైతు ఆటోలో ఓ పెద్ద పెట్టెను దుప్పటి కప్పి తీసుకొచ్చాడు. దుప్పటి తీసి చూస్తే చెక్క క్యాబినెట్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, అదీ వాల్వులతో నడిచేది. వాల్వ్ అంటే గాజుబుడ్డి. లోపలి తీగ ఎర్రగా కాలాక గానీ పని మొదలుపెట్టదు. మద్రాసులో ఎవరో వాడి పక్కన పెట్టేసిన ఈ సెట్టును ఎప్పుడో వాళ్ళ నాన్న కొని తెచ్చాడట. ఊళ్ళోకి టీవీ వచ్చిన కొత్తలో వాళ్ళ అరుగు మీద పెట్టి వీధివీధంతటికీ బొమ్మ చూపించాడట. ఏటా ఆయుధపూజనాడు దానికి దండవేసి ఆన్ చేసేవాడట. ఆయన పోయి ఏడాది దాటింది. ఈసారి ఆ పెట్టె అటక దిగి బొమ్మ పడితే తప్ప చెరువు మోటార్లకు కూడా పూజ చెయ్యనని తల్లి మంగాయమ్మగారు తెగేసి చెప్పారట.

ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి చూశారా అని అడిగాను. మంచిరోజు కాదని అమ్మ పెట్టనివ్వలేదన్నాడు. బతికిపోయారనుకున్నాను. అంతకాలం అటక మీద మూలపడ్డ వాల్వ్ సెట్టుకి ఒక్కసారిగా కరెంటిస్తే లోపలి కండెన్సర్లు పేలిపోవచ్చు. కరెంటును పట్టి ఉంచి వదిలే డబ్బాలవి. ఎండిపోయినవాటిని తీసి కొత్తవి వేశాను. ఎలకలు కొరికిన వైర్లు మార్చాను. ఆ తర్వాతే సీరీస్ ల్యాంపుతో ఆన్ చేశాను. అంటే సెట్టుకీ కరెంటుకీ మధ్య ఒక మామూలు బల్బు పెట్టడం. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. బల్బు వెలిగి కాసేపటికి మందగించింది, అంటే షార్ట్ లేదు. వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. నా చొక్కా చెమటతో తడిసిపోయింది. చివరికి తెర మీద వార్తలు చదివే అమ్మాయి మొహం పైకీ కిందకీ దొర్లి దొర్లి నిలబడింది. చాలా సంతోషం వేసింది, దాచుకోవడమెందుకు.

అయితే అసలు భయం అప్పుడే మొదలైంది. ఈ సెట్టు మా మెకానిక్కులు హాట్ ఛాసిస్ అనే రకం. లోపలి ఇనప చట్రం, అంటే ఛాసిస్, నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిరగేసి పెడితే చట్రం మొత్తానికీ కరెంటు ఎక్కుతుంది. చానల్, సౌండ్ తిప్పే కడ్డీలు ఆ చట్రానివే. వాటికి తొడిగిన ప్లాస్టిక్ నాబులే మనిషికీ చావుకీ మధ్య అడ్డు. పాత నాబులు విరిగిపోతే కొత్తవి వెతికి తొడిగాను. అదొక్కటీ చాలదు. కరెంటుతో నేరు సంబంధం లేకుండా చేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మధ్యలో పెట్టాలి. దాన్ని కాకినాడలో చుట్టించాలి, పండగలోపు రాదు.

ఇదంతా వెంకటరమణకి విడమరిచి చెప్పాను. అతను తేలిగ్గా నవ్వేశాడు.

"రొయ్యలకి గాలాడించే ఏరేటర్ మోటార్లు చెరువు నీళ్ళలోనే తిప్పుతున్నామండి. ఈ పెట్టి ఏపాటండి?"

"మోటారు దగ్గర కూర్చుని మీ అమ్మగారు బొమ్మ చూడరు కదండీ," అన్నాను కాస్త విసుగ్గానే.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పూజకి సెట్టు తీసుకెళ్ళొచ్చు, కరెంటు వైరు మాత్రం నా దగ్గరే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక నేనే వచ్చి బిగిస్తాను. "ఆయ్, అలాగేనండి," అన్నాడు. మరీ అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నాకు నచ్చలేదు.

ఆయుధపూజనాడు పొద్దున్నే షాపు కడిగి, కరెంటు కొలిచే మీటరుకీ, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్‌కీ బొట్లు పెట్టి, అలవాటు ప్రకారం ఒక్కొక్కటే ఆన్ చేసి చూస్తున్నాను. మాలో ఎవరైనా అంతే. పూజ చేసిన మిషను ఆ పూటే ఒకసారి తిరగాలి, లేకపోతే ఏడాదంతా మొరాయిస్తుందని నమ్మకం. ఐరన్ స్విచ్ వేస్తుండగా దరియాలతిప్ప టీవీ గుర్తొచ్చింది. నేనే ఆపుకోలేకపోతే వాళ్ళు ఆపుకుంటారా? షాపుకి తాళం కూడా వెయ్యకుండా స్కూటర్ తీశాను.

దరియాలతిప్పలో వాళ్ళ అరుగు అప్పుడే కడిగినట్టుంది, ఇంకా తడి ఆరలేదు. స్టూలు మీద టీవీకి బంతిపూల దండ. తెర మీద బొమ్మ! వెనక పిన్నులకి ఏదో ఫ్యాను వైరు మెలిపెట్టి, రెండో కొసను సాకెట్ బొక్కల్లో అగ్గిపుల్లలతో దిగ్గొట్టారు. అంతకంటే ఘోరం, ముందువైపు నాబులు లేవు. పక్కన ఇత్తడి పళ్ళెంలో, చింతపండు నీళ్ళలో నానుతున్నాయి. పూజ సామానుతో పాటు వాటినీ తోమడానికి ఊడబీకారన్నమాట. తలంటుకున్న జుట్టు ముడివేసుకుని, వట్టి కాళ్ళతో తడి అరుగు మీద నిలబడి, మంగాయమ్మగారు కుంకుమ అద్దుకున్న వేలిని ఆ ఇనప కడ్డీ వైపు చాస్తున్నారు.

గట్టిగా అరవబోయి ఆగాను. అరిస్తే ఉలిక్కిపడి దాన్నే పట్టుకుంటే?

"అమ్మా, దాహంతో నోరెండిపోతోందండి. ముందు కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

పూజ మధ్యలో ఈ గోలేంటన్నట్టు ఆవిడ చూశారు. కానీ పండగపూట గుమ్మంలోకి వచ్చినవాడు నీళ్ళడిగితే కాదనరు. కుంకుమగిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళారు. జేబులోంచి టెస్టర్ తీసి కడ్డీకి ఆనించాను. దాని బుల్లి బల్బు వెలిగింది, కడ్డీలో కరెంటు ఉంది. స్విచ్ ఆపేసి, వైరు పీకేసి అరుగు మీదే కూలబడ్డాను.

ఆవిడ నీళ్ళు తెచ్చేసరికి వెంకటరమణ కూడా కొబ్బరికాయలతో వచ్చాడు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అంతవరకూ ఏ కస్టమర్నీ అలా అనలేదు. సంగతి అర్థమయ్యాక అతని మొహం తెల్లబోయింది. మంగాయమ్మగారు మాత్రం నా ఎదురుగా కూర్చుని టెస్టర్ సంగతి మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నారు.

"మా ఆయన ఇది ఆన్‌లో ఉంటే నన్ను దగ్గరికే రానిచ్చేవోరు కాదు బాబూ. బొట్టైనా దండైనా ఆయనే. పెత్తనం చేత్తున్నారనుకున్నాను. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. ఈయేడు నా చేత్తో పెడదామని ఆశపడ్డాను." కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "ఆయనా నాకు చెప్పలేదు, నువ్వూ మావోడికి చెప్పి ఊరుకున్నావు. దాన్ని తుడిసేదీ కడిగేదీ నేను గదా."

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక వెళ్ళి బిగించాను. నాబుల స్క్రూల మీద లక్క పోసి ఊడిరాకుండా చేశాను. ఆవిడని కూర్చోబెట్టి ఏది ముట్టుకోవచ్చో, ఏది కూడదో ఆవిడకే చెప్పాను. అన్నీ నాకు తిరిగి అప్పజెప్పి, ఆపి ఉన్న టీవీ అద్దానికి ఆవిడే బొట్టు పెట్టారు.

ఆ పండగ తర్వాత ఏ పాత సెట్టు వచ్చినా, మోసుకొచ్చినవాళ్ళతో ప్రమాదం గురించి మాట్లాడి సరిపెట్టుకోవడం మానేశాను. మీ ఇంట్లో దీనికి బొట్టు పెట్టేది ఎవరని అడుగుతాను. ఆ మనిషికి చెప్పాకే సెట్టు షాపు దాటనిస్తాను.