పార్కు స్థలంలో అమ్మవారు

మార్కాపురంలో మా కాలనీకి పార్కు స్థలం ఒకటి ఉండేది. లేఅవుట్ వేసినవాళ్లు ప్లానులో పచ్చరంగు పూసి వదిలేశారు కానీ, నేను కాపురానికి వచ్చేనాటికి అక్కడ ముళ్ల చిల్లచెట్లు, పగిలిన పలకరాళ్లు తప్ప ఏమీ లేవు. ఆడవాళ్లమే పూనుకుని బాగుచేశాం. కానుగలు, వేపలు నాటాం. ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకునే ఊళ్లో చెట్లకు నీళ్లెక్కడివి? బియ్యం కడిగినవి, గిన్నెలు తొలిచినవి, ఆఖరికి పసిపిల్లలకు లాలపోసిన నీళ్లు కూడా మోశాం. మా పుట్టిల్లు పుల్లలచెరువు వైపు, కరువు నేల. చెంబెడు నీళ్లు ఒలకబోస్తే వీపు విమానం మోత మోగే ఇంట్లో పెరిగినదాన్ని. నన్ను చూసి మా ఆయనా బకెట్లు పట్టాడు.

చెట్లు ఎదిగి నీడ పరిచాక ఆ స్థలం మీద కళ్లు పడ్డాయి. ఒకరోజు ఎవరో వచ్చి హద్దురాళ్లు పాతి పోయారు. మున్సిపాలిటీ చుట్టూ తిరిగాం. చూస్తామన్నారు, చూడలేదు. అప్పుడు మా ఎదురింటి పెద్దాయన, నేను నోరారా అన్నా అని పిలిచే మనిషి, ఉపాయం చెప్పాడు.

"అమ్మవారిని పెడదాం చెల్లెమ్మా. పసుపు పూసిన రాయి మీద చెయ్యేసే మొగోడు ఎవుడున్నాడో చూస్తా."

పలకల క్వారీలో పనిచేసే మా నాయనతో చెప్పి అక్కణ్నుంచి మంచి నల్లరాయి తెప్పించాను. వేపచెట్టు మొదట్లో నిలబెట్టి, పసుపు కుంకుమలు అద్ది, పొంగలి పెట్టాం. వారం తిరక్కుండా, పాతినవాళ్లే వచ్చి హద్దురాళ్లు పీక్కుని పోయారు. ఆ పూట మేం ఎంత నవ్వుకున్నామో!

తర్వాత రాయికి రేకుల పందిరి వచ్చింది. గ్రిల్లు, హుండీ వచ్చాయి. కమిటీ వచ్చింది. అన్న ప్రెసిడెంటు, మా ఆయన మెంబరు. నీళ్లు మోసిన ఆడవాళ్లలో ఒక్కరికీ అందులో చోటు లేదు. పోనీలే, మా ఆయన ఉన్నాడుగా అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

మొన్న వేసవిలో పొద్దున్నే జేసీబీ చప్పుడుకి బయటికి వచ్చాను. కానుగలు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడి ఉన్నాయి. అన్న దగ్గరుండి పురమాయిస్తున్నాడు.

"ఏందన్నా ఇది?"

"కల్యాణ మండపం చెల్లెమ్మా. రోడ్డు సైడు షాపులు. గుడికి ఆదాయం ఉండొద్దా?"

"మనం అమ్మవారిని పెట్టింది చెట్ల కోసం గదన్నా!"

"అట్ల అనగాకు, కళ్లు పోతాయి," అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు కూడా నాదే తప్పన్నట్టు చూశారు. హద్దురాళ్లు పాతినవాళ్లనైతే నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మవారిని అడ్డం పెట్టుకున్న మనిషిని ఏమని తిట్టేది?

పరుగున ఇంటికి వచ్చి మా ఆయన్ని లేపబోయాను. నిద్రపోవడం లేదు. ఊరికే కళ్లు మూసుకుని పడుకున్నాడు.

"మీకు ముందే తెలుసా?"

"నీకు చెప్తే ఊరుకుంటావా? రచ్చ చేసేదానివి." గోడ వైపు తిరిగి, "ఒక షాపు మనకిస్తానన్నాడు," అన్నాడు.

అన్న చేసినదాన్ని మోసం అనగలను. ఎండల్లో నా పక్కన బకెట్లు మోసిన మనిషి చేసినదానికి నాకు మాటే దొరకలేదు.

భూమిపూజకి కమిటీవాళ్లంతా దంపతులుగా పీటల మీద కూర్చోవాలన్నారు. నలుగురిలో పరువు పోతుందని మా ఆయన బతిమాలితే వెళ్లాను. పక్కన కూర్చున్నాను కూడా. పూజారి గోత్రం అడిగి, ఆయన పేరు చదివి, నా పేరు చెప్పమన్నాడు.

"నా పేరు చదవొద్దు సామీ. ఆయనదొక్కటే చదవండి," అని పీట మీద నుంచి లేచాను.

పూజారి ఏం చేయాలో తోచక మా ఆయన వంక చూశాడు. ఆయన తలెత్తకుండానే, కానివ్వమని చెయ్యి ఊపాడు.