జ్వరం విడిచిన రోజు

మొన్న వానలు మొదలైన కొత్తలో ఆశా కార్యకర్త మా బూర్గంపాడు వీధికి వచ్చి, పక్కింటి కోడలి వేలు గుచ్చి, ఒక్క చుక్క రక్తం చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేసి, వాళ్లిచ్చిన చాయ్ చల్లారేలోపే మలేరియా అని తేల్చేసింది. ఆ పిల్లకు పొద్దున్నే జ్వరం విడిచింది, అయినా మాత్రలు దగ్గరుండి మింగించి గానీ కదల్లేదు. నేను అరుగు మీద నుంచి అదంతా చూసి, లోపలికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. వయసు మీద పడ్డాక ఏడుపు ఇంత తేలిగ్గా వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

మా ఆయన భద్రాచలం అవతల అడవి ఊళ్ల సంతలకు బట్టల మూటలు తీసుకుపోయి అమ్మేవాడు. ఒక వానాకాలం చలిజ్వరంతో తిరిగి వచ్చాడు. ఒళ్లు కాలిపోతుంటే మర్నాడు భద్రాచలం దవాఖానాకు తీసుకుపోదామని సంచి సర్దాను, తీరా తెల్లారేసరికి జ్వరం లేదు. జ్వరం విడిస్తే తలకు పోసి, బీరకాయ కూరతో పథ్యం పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ కదా, మా అత్తగారు తానే నీళ్లు కాచి, తానే పోసి, మెత్తటి అన్నం కలిపి తినిపించి దిష్టి తీసింది. సంచిలోని బట్టలు మళ్లీ దండెం మీదికి ఎక్కాయి. ఆ పూట మేమందరం ఎంతో నవ్వుకున్నాం. మరుసటి రోజు తిరగబెట్టిన జ్వరానికి స్పృహ తప్పినవాడు గోదావరి వంతెన దాటకముందే పోయాడు.

పెళ్లికి ముందు సైన్సులో డిగ్రీ చేసి చదువు ఆపేసినదాన్ని, పిల్లలు లేనిదాన్ని, కొన్నేళ్లు మిషన్ కుట్టుకుంటూ గడిపాను. చివరికి అత్తగారే నన్ను బస్సెక్కించింది. "ఎన్నాళ్లని గిట్ల గోడలు చూస్తవ్ బిడ్డా, పోయి చదువు. నా కొడుకును ఏం మింగిందో తెల్సుకొని వచ్చి నాకు చెప్పు" అంది. నేను ఎమ్మెస్సీలో చేరింది ఆ ఒక్క మాట కోసమే.

యూనివర్సిటీలో పిల్లలు మొదట నన్ను ఆంటీ అనేవాళ్లు, వాళ్ల రికార్డుల్లో బొమ్మలు గీసిపెట్టాక అక్కా అన్నారు. మైక్రోస్కోపులో మొదటిసారి నా కనురెప్పల వెంట్రుకలే చూసి, ఏదో పురుగు దొరికిందని సంబరపడితే క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత మలేరియా పాఠం వచ్చింది. మాస్టారు బోర్డు మీద ఎక్కుతూ దిగుతూ మళ్లీ ఎక్కే గీత ఒకటి గీసి, దిగినచోట సుద్దముక్క ఆనించి, పురుగు ఎక్కడికీ పోదని, రక్తంలోనే పెరుగుతూ ఉంటుందని, ఈ తగ్గిన రోజునే జనం రోగం పోయిందని మోసపోతారని, ఆ రోజు మందు పడినా చాలామంది బతుకుతారని చెప్పారు. నాకు క్లాసులో బీరకాయ కూర వాసన వచ్చింది.

సెలవులకు ఇంటికి వెళ్తే అత్తగారు కాళ్లు కడుక్కోనివ్వకుండా అడిగింది. దోమ కుట్టి రక్తంలో పురుగు చేరిందని చెప్పాను. "మరి నడుమ ఒక దినం ఎందుకు తగ్గింది?" అంది. ఆ నీళ్లు కాచిన చేతులు నా ఎదురుగానే ఉన్నాయి. ఆ పాఠం ఇంకా కాలేదత్తమ్మా అన్నాను. ప్రతి సెలవుకూ ఆమె అదే అడిగేది, నేను అదే చెప్పేదాన్ని.

చదువు ముగించుకుని వచ్చిన ఏడాది, ఎదురింటావిడ భర్తకు జ్వరం విడిచిందని పొయ్యి మీద నీళ్లు పెట్టింది. మా అత్తగారు చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి వెళ్లి, మండుతున్న కట్టెలు బయటికి లాగేసి, "తగ్గిందని కూసోకు, ఇయ్యాలనే దవాఖానాకు తోల్కపో" అని వచ్చింది. నేను చెప్పని పాఠం ఆమె ఎలా తెలుసుకుందో గానీ, నా వైపు చూడలేదు. ఆ పాఠం సంగతి ఆమె మరి ఎన్నడూ ఎత్తలేదు.

తర్వాత నేను కాలేజీలో ఏళ్ల తరబడి బోర్డు మీద అదే గీత గీశాను. ఇంట్లో మాత్రం మళ్లీ బీరకాయ వండలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. ఇవాళ జ్వరం తగ్గినా ఎవరూ నీళ్లు కాచరు, ముందు వేలు చాపుతారు. మొన్న పక్కింటి పిల్ల సాయంత్రానికి గుమ్మంలో కూర్చుని పూలు కట్టుకుంటోంది. మా అత్తగారే ఉండి ఉంటే జ్వరం విడిచిన రోజే రోగాన్ని పట్టేసిన ఆ పట్టీని ఆమెకు చూపించేదాన్నా, కొంగు చాటున దాచేదాన్నా, నాకు ఇప్పటికీ తెలియదు.