పాత్రోగారి పన్నెండు సైటేషన్లు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, జంషెడ్‌పూర్‌లో నేను పనిచేసే ఇంజనీరింగ్ కళాశాలలో నన్ను ఎలక్ట్రికల్ విభాగానికి పరిశోధన సమన్వయకర్తగా వేశారు. పేరు ఘనమైనదే. పని మాత్రం, ఎవరి పేపర్లు ఎన్ని అచ్చయ్యాయి, వాటిని ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారు అన్న అంకెలు పోగేసి నెలనెలా పైకి పంపడం. ఆ ప్రస్తావననే సైటేషన్ అంటారు. వాటి మీద హెచ్-ఇండెక్స్ అని ఇంకో అంకె ఉంది. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు మీకు పది ఉంటే మీ ఇండెక్స్ పది. పేపర్లో ఏముందన్నది ఈ లెక్కకు అక్కర్లేదు. అందుకే పై అధికారులకు అదంటే అంత ముద్దు.

మా విభాగాధిపతి పాత్రోగారు బరంపురం వైపు తెలుగువారు. మాటకారి, మనిషి చెడ్డవారు కాదు. కాకపోతే పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఫోన్లో తన ఇండెక్స్ చూసుకునే రకం. అప్పట్లో ఆయన కన్ను డీన్ కుర్చీ మీద పడింది. దానికి ఇండెక్స్ కాస్త తక్కువైంది. ఇక చూడండి మా అవస్థ! విభాగంలో ఎవరు ఏం రాసినా చివర ఆయన పేపర్లు కనబడాల్సిందే. ఫ్యాన్ మోటారు మీద రాసినవాడు కూడా ఆర్క్ ఫర్నేస్ మీద ఆయన రాసిన పేపరును ప్రస్తావించి బయటపడ్డాడు.

నా విద్యార్థిని పార్వతి థీసిస్ సరిగ్గా అప్పుడే ముగింపుకొచ్చింది. వాళ్లది మా ఊళ్లోనే బారిడీహ్ పేటలో స్థిరపడిన శ్రీకాకుళం కుటుంబం. తండ్రి అప్పన్న కాంట్రాక్టు ఫిట్టరు. ఉక్కు కరిగించే ఆర్క్ ఫర్నేస్ నడుస్తుంటే, అదే లైను మీదున్న బల్బులు మిణుకుమిణుకుమంటాయి. అది ఎంత ఉంటుందో ముందే అంచనా కట్టడం ఆమె పరిశోధన. పాత్రోగారు కుర్రతనంలో దానికే కంప్యూటర్ మీద ఒక సూత్రం కట్టారు. ఆ ఒక్క సూత్రానికే చొక్కాలు మార్చి పన్నెండు పేపర్లు చేశారు. పార్వతి మాత్రం మీటర్లు మోసుకెళ్లి, ఫర్నేస్‌కు కరెంటు తీసుకెళ్లే ఫీడర్ల మీద స్వయంగా కొలిచింది.

ఆమెకు రాయపూర్‌లో ఒక కళాశాల ఉద్యోగం ఇస్తామంది. జులైలో చేరేలోగా డిగ్రీ చూపించాలి, లేకపోతే ఆ ఉద్యోగం తర్వాతివాళ్లకు పోతుంది. థీసిస్ పరీక్షకులకు వెళ్లాలంటే విభాగాధిపతి సంతకం కావాలి. తన పన్నెండు పేపర్లూ అందులో ఉంటేనే సంతకం అన్నారు పాత్రోగారు.

పార్వతి నా గదికొచ్చి కుర్చీలో కూలబడింది.

"ఏటి సార్ ఇది! ఆయన సూత్రం మన ఫీడర్ల మీద ఒక్క సోటా సరిపడనేదు కదా. మరేటని రాయాల?"

"సరిపడలేదనే రాయమ్మా. పెట్టమన్నారు గాని పొగడమనలేదు కదా" అన్నాను.

నా మొహంలోకి చూసి, "పక్కా సార్?" అని ఫక్కున నవ్వింది.

నాలుగో అధ్యాయంలో పన్నెండింటినీ మర్యాదగా పేరుపేరునా ప్రస్తావించి, ప్రతిదాని పక్కనా కొలతకూ సూత్రానికీ తేడా ఎంతో రాసింది. పాత్రోగారు థీసిస్‌ను వెనకనుంచి చదువుతారు, అదీ ప్రస్తావనల పట్టిక వరకే. తన పేరు కనబడ్డ చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుని, "మంచి పిల్లండీ" అని సంతకం చేసేశారు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే చివరి మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు, అధ్యక్షుడు ఆయనే.

వైవా రోజున అప్పన్న డ్యూటీ చొక్కాతోనే వచ్చి, లడ్డూల డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, మా ఖర్మ కొద్దీ, థీసిస్ మొత్తం చదివిన మనిషి. నాలుగో అధ్యాయాన్ని తెగ మెచ్చుకుని, పాత్రోగారివైపు తిరిగి, మీ సూత్రం పనిచేయదని ఈ అమ్మాయి పన్నెండుసార్లు నిరూపించింది, అధ్యక్షులుగా మీరేమంటారని అడిగాడు.

పాత్రోగారు థీసిస్‌ను మొదటిసారి ముందునుంచి తిప్పారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నావైపు వంగి, "ఈ అధ్యాయం తీయించెయ్యొచ్చు కదండీ?" అని గొణిగారు.

"తీయించొచ్చు సార్. పన్నెండు సైటేషన్లూ పోతాయి" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. తర్వాత లేచి, శాస్త్రంలో భిన్నాభిప్రాయం ఉండాలని చిన్న ఉపన్యాసం ఇచ్చి, అధ్యాయం యథాతథంగా ఉంచి సంతకం పెట్టారు.

బయట అప్పన్న లడ్డూ చేతిలో పెడుతూ అడిగాడు. "ఆ పెద్దాయన అంతసేపు ఆలోచించేరేటి సార్? మా పిల్ల తప్పేటైనా సెప్పిందా?"

"లేదండీ అప్పన్నగారూ. ఆయన లెక్కేసుకున్నారు."

జులైలో పార్వతి రాయపూర్‌లో చేరింది. ఆ అధ్యాయాన్ని పేపరుగా అచ్చు వేయించింది. దాన్ని ప్రస్తావించిన ప్రతివాళ్లూ, ఏ సూత్రం వాడకూడదో చెప్పడానికి పాత్రోగారినీ ప్రస్తావించారు. ఆయన ఇండెక్స్ చకచకా పెరిగింది. డీన్ అయ్యారు. తిట్టినా పొగిడినా ఆ లెక్కలో ఒకటే. అప్పటినుంచి ఎవరైనా తన అంకె చెబితే, ఎవరు ఎందుకు తలుచుకున్నారని అడగడం అలవాటు చేసుకున్నాను.

నేను అన్నిటికన్నా శ్రద్ధగా రాసిన పేపరుకు ఇప్పటివరకూ మూడు సైటేషన్లు వచ్చాయి. రెండు నేనే ఇచ్చుకున్నవి. మూడోది పార్వతిది. అందులో నా కొలతల్లో ఒక తప్పు పట్టింది. సరిగ్గానే పట్టింది.