నాలుగో సంచి

నేను చదివింది ఐదో తరగతే. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే నవ్వకండి.

అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో చూపు పోయిన ఒక యూదు టీచరమ్మకి తోడుగా పనిచేశాను. వాళ్ల ఆడపిల్లలకి దేవుడి చదువు చెప్పేవాళ్లే లేని రోజుల్లో ఆవిడ తన ఇంట్లోనే బడి పెట్టిందట. పుస్తకాలు లేక పాఠాలన్నీ చేత్తో రాసిందట. ఆ కాగితాలు చిరిగిపోయి నాలుగు సంచుల్లో ఉండేవి.

మొదటి వారం, పాత కాగితాలే కదా అని ఒక సంచి చెత్త బండికి వేసేశాను. దేవుడి పేరున్న కాగితాన్ని వాళ్లు పారెయ్యరని, మనిషిని పూడ్చినట్టే పూడుస్తారని తర్వాత తెలిసింది.

ఆవిడ రోజూ పొద్దున్నే అడిగేది.

“నా సంచులు నాలుగూ ఉన్నాయా?”

“ఉన్నాయి టీచరమ్మా. ముందు సూప్ తాగండి.”

“నా పిల్లలకంటే మొండిదానివి నువ్వు. అవి నాతోపాటే మట్టిలో పెట్టాలి, మర్చిపోకు.”

పని పోతుందని భయపడి, ఇండియన్ స్టోర్ సేల్ కాగితాలు ఇంకో సంచిలో కుక్కి పెట్టాను. ఆవిడ రోజూ ఒక్కో సంచినీ తడిమి ముద్దు పెట్టుకునేది. నాలుగోదాన్ని కూడా.

చలికాలంలో ఆవిడ పోయింది. మంచు తీసి, గొయ్యి తవ్వి, ఆవిడ పక్కనే నాలుగు సంచులూ దించారు. జుట్టు నెరిసిన శిష్యురాళ్లు ఏడుస్తుంటే నేనూ గుప్పెడు మట్టి వేశాను.

నా రాతలో తప్పులు మీరు మన్నించండి. ఆ సంచి సంగతి ఆవిడతో చెప్పి మన్నించమనడానికి నాకు ఎనిమిది నెలలు టైముంది. అడగలేదు.