మా అన్న విడిచిపెట్టిన డబ్బా

మొన్న కల్లూరు నుంచి రాయచూరుకు బస్సులో పోతుంటే, పక్క సీట్లోని కాలేజీ పిల్ల సెల్‌ఫోనులో గొడ్డలి దెబ్బలు పడుతున్నాయి. తల వంచుకుని, పళ్ళు బిగించి ఆడుతోంది. ఆ చప్పుడు వినగానే నాకు నవ్వొచ్చింది. అది గొడ్డలి దిగిన చప్పుడు కాదు, మా పెరట్లో గుమ్మడికాయ పగిలిన చప్పుడు. ఎముక విరిగినట్టు వినపడేది ఎండిన కందికట్టె. ఆ గేము చేసింది మా అన్న బిడ్డ, అదీ మా ఇంట్లో కూర్చుని. చప్పుడు కోసం హతమైన గుమ్మడికాయలన్నిటినీ పులుసు పెట్టింది నేను. ఆ ఏడంతా మా ఆయనకు గుమ్మడికాయ పేరు చెబితేనే వెగటు.

అన్న బిడ్డ అని ఊరుకుంటే, కొడుకా కూతురా అని అడుగుతారు. నేనూ ఒకసారి తననే అడిగాను. "మొగోళ్ల లెక్క గాదు, ఆడోళ్ల లెక్క గాదు అత్తా. నేను నా లెక్కనే ఉంట. గిట్లనే ఉండనియ్యి" అని జవాబు. "సరే గని, అన్నం తింటవా?" అన్నాను. అందుకే ఇక్కడ తను అనీ, వచ్చారు పోయారు అనీ రాస్తున్నాను. ఎత్తుకుని పెంచిన బిడ్డను అలా మన్నించి పిలవడానికి మొదట్లో నోరు తిరగలేదు గానీ, ఇప్పుడు అలవాటైపోయి మా ఇంటి కోడిని కూడా వచ్చారు పోయారు అంటున్నాను.

మా అన్నది రాయచూరు మార్కెట్లో ఇనుప సామాను దుకాణం. గిరాకులతో మాట తియ్యన, ఇంట్లో చెయ్యి దురుసు. తను ఉద్యోగం చూసుకోకుండా ఇంట్లోనే గేములు చేస్తుంటే బెల్టుతో సరిపెట్టేవాడు. యాపలదిన్ని ఊరివాళ్ళు తనకు సంబంధం మాట్లాడడానికి వచ్చిన రోజు మాత్రం బెల్టు చాలలేదు. నేను బొరుగుల ఒగ్గరణి, మిర్చి బజ్జీల ప్లేట్లు అందిస్తున్నాను. తను లోపలి నుంచి వచ్చి నమస్కారం పెట్టి, "నేను పెండ్లికొడుకు గాను, పెండ్లికూతురు గాను. మీకు తకలీఫ్ ఇచ్చినం, మాఫ్ చెయ్యుండ్రి" అన్నారు. వాళ్ళు చేతులైనా కడుక్కోకుండా లేచిపోయారు. మా అన్న చెప్పులైనా వేసుకోకుండా దుకాణానికి పోయి, అమ్మకానికి పెట్టిన కొత్త గొడ్డలి పట్టుకొచ్చాడు. "గీ గేములే ఖరాబ్ జేసినయ్ నిన్ను!" మొదటి దెబ్బకు బొమ్మలు కనపడే తెర ముక్కలైంది. రెండో దెబ్బకు తను చెయ్యి అడ్డం పెట్టారు. రెండు వేళ్ళు తెగిపడ్డాయి. బజ్జీల ప్లేట్ల దాకా రక్తం చిందింది. నేను అరుస్తూనే ఉన్నాను, వదిన గోడకు అతుక్కుపోయింది. అయినా అన్న ఆగలేదు. కుర్చీని నరికాడు, టేబులును నరికాడు. టేబులు కింది నల్ల డబ్బా కనపడగానే గొడ్డలి దించాడు. "అది స్టెబిలైజరు, దగ్గరికి పోకుండ్రి, కరెంటు కొడ్తది" అని, కన్నబిడ్డ వేళ్ళు నరికిన మనిషి మమ్మల్ని జాగ్రత్తగా పక్కకు జరిపాడు. మా ఊరి కరెంటు హెచ్చుతగ్గుల మూలంగా ఇంటింటా ఫ్రిజ్జు పక్కనో టీవీ కిందో అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. ఇది మాత్రం స్టెబిలైజరు కాదు. అసలు కంప్యూటరు అదే. సగమైన గేమంతా అందులోనే ఉంది.

సర్కారు దవాఖానలో కుట్లు వేస్తుంటే తను వేళ్ళ గురించి అడగలేదు. "డబ్బా తెచ్చుకుందాం అత్తా" అన్నారు. నాకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అన్న దుకాణానికి పోయిన వేళ చూసి వదినే దాన్ని పాత చీరలో చుట్టి ఇచ్చింది. మా కల్లూరు బస్సులో తనను పక్కన కూర్చోబెట్టి, డబ్బాను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మిగిలిన వేళ్ళకు మళ్ళీ పని నేర్పుకుంటూ, మా ఇంటి జొన్నల కొట్టుగదిలో కూర్చుని తను గేము పూర్తి చేశారు. అందులో ఒక చిన్న బొమ్మ ఇల్లంతా పరుగెత్తుతుంటుంది, గొడ్డలివాడు వెంటపడతాడు. వాడి మీద కుర్చీ విసరొచ్చు, కత్తితో పొడవొచ్చు. పడతాడు, మళ్ళీ లేస్తాడు. "వాన్ని సంపే తీరు పెట్టలేదేంది?" అని అడిగాను. నాకు చంపాలని చాలా ఉండింది. "పెట్టిన అత్తా. మల్ల తీసేసిన" అన్నారు. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని ఆడుతున్నారట. తను బెంగళూరులో, ఎవరి కిందా కాకుండా, ఇంకో గేము చేస్తున్నారు.

పోయిన ఎండాకాలం మా అన్న మా ఇంటికొచ్చాడు. దుకాణం ఎత్తేశాడు, మనిషి సగమయ్యాడు. "దాంట్ల నేనున్ననంట గదా. సూపియ్యి" అన్నాడు. ఫోను చేతికిచ్చి, చిన్న బొమ్మను నడపాల్సింది నువ్వేనని చెప్పాను. బొటనవేలు తెర మీద పెట్టాడు గానీ, ఎటు జరపాలో తెలియలేదు. గొడ్డలి దిగింది, తెరంతా ఎర్రబడింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ నరుకుడే. నేను ఫోను తీసుకోబోతే ఇవ్వలేదు. దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, "ఉరుకు బిడ్డా, ఉరుకు! వాడొస్తున్నడు!" అని అరిచాడు. నాకు జాలి కలిగిందని మాత్రం చెప్పను. ఆ ఒక్క మాట నోటికి రావడానికి మా అన్నకు ఒక వయసంతా పట్టింది. అప్పటికి ఉరకవలసిన బిడ్డ అందనంత దూరం ఉరికి, ఆయాసం కూడా తీర్చేసుకున్నారు.