సున్నం కింద పసుపు

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా నా ముందు నోరు తెరిస్తే, అక్కడే నిలదీసి, ప్రశ్నలు వేసి ఇంటికి పంపడం నాకు వయసులో ఉన్నప్పటి నుంచీ అలవాటు. ఎవరు చూశారు? పట్టపగలా, చీకట్లోనా? పక్కన ఇంకెవరున్నారు? చాలామందికి అక్కడికే మాట పడిపోతుంది. ముసలివాడినైనా ఆ బుద్ధి పోలేదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం కూడా అదే. నేను వేసే ప్రశ్నలన్నిటికీ ఇందులో జవాబులున్నాయి. నాకొచ్చిన చిక్కు అదే.

మొన్న మా వీధిలో ఒకాయన పాత ఇల్లు కొన్నాడు. అమ్మినాయన ఫ్యాన్లు ఊడబీక్కుని పోయాడట. పంచాయతీ పెట్టారు. అమ్మినవాడి బాధ్యత ఏమిటి, కొన్నవాడి హక్కు ఏమిటి అని నన్ను అడగడానికి వచ్చారు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు అప్పగించడమంటే ఫ్యాన్లూ కుళాయిలూ అప్పగించడమనుకుంటున్నారు వీళ్ళు. అప్పుడు గుర్తొచ్చింది నా ఇల్లు.

అప్పట్లో మాది మద్రాసు ప్రెసిడెన్సీ. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. మార్కాపురంలో పలకలు కోసే కార్ఖానాలో కూలికి పోతూ, పారేసిన పగుళ్ళ పలకల మీద అక్షరాలు దిద్దుకున్నాను. చదువు వచ్చాక కనబడిన కాగితమల్లా చదివాను. ముఖ్యంగా దస్తావేజులు. కాగితం మీద ఉన్నదే నిజం, లేనిది అబద్ధం అని నమ్మే రోజులవి.

పెళ్ళయిన రెండో ఏడు, తాలూకాలోనే వేరే ఊళ్ళో వెలుగొండయ్య అనే ఆసామి దగ్గర ఒక మట్టి మిద్దె కొన్నాను. వరసకు మామ అవుతాడు. భార్య గురవమ్మ చాలా ఏళ్ళ కిందట పోయింది. ఉన్న ఒక్క కూతుర్నీ దొనకొండలో ఇచ్చాడు. వయసు మీదపడి, చేను అమ్ముకుని, ఆఖరుకు ఇల్లు కూడా అమ్ముకుని కూతురి దగ్గరికి పోతున్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. దస్తావేజు నేనే మాట మాటకూ కూడబలుక్కుని చదివి సంతకం పెట్టించాను. ఎవరి హక్కులూ లేవు, ఏ తగాదాలూ లేవు అని అందులో ఉంది.

మా వైపు ఇల్లు అమ్మినవాడు చేసి పోవలసిన పనులు కొన్ని ఉండేవి. ఏ దస్తావేజులోనూ రాయరు, అందరికీ తెలుసు. పొయ్యిలో బూడిద ఎత్తిపోయాలి. ఇల్లు అలికి పోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి పేరంటాలును వెంట తీసుకుపోవాలి. పసుపు కుంకుమలతో పోయిన ఇల్లాలిని ఆ ఇంటివాళ్ళు పేరంటాలుగా కొలుచుకుంటారు. నడిమింట్లో ఒక గోడకు పసుపు పూసి, బొట్లు పెట్టి, ఏటేటా కొత్త చీర పెడతారు. ఇల్లు చేతులు మారేటప్పుడు అమ్మినవాడు ఆ గోడ ముందు నిలబడి, ఆమెను పేరుతో పిలిచి, గోడ మీది పసుపు చేటలోకి గీరుకుని తీసుకుపోతాడు. కొత్త ఇంటి గోడకు అది కలిపి పూస్తాడు. పిలవవలసింది ఆ ఇంటివాడే. కొన్నవాడు పిలిస్తే చెల్లదు.

వెలుగొండయ్య మామ బూడిద ఎత్తాడు. ఇల్లు అలికాడు. నీళ్ళ బాన కూడా నింపి పెట్టాడు. గోడ మీద పసుపు మాత్రం అట్లాగే ఉంది. తాళంచెవి ఇచ్చిన రోజే నేను చూశాను. సున్నం కొడితే పోతుందిలే అనుకున్నాను.

సామాన్లు బండి మీద వేసుకుని వచ్చిన రోజు మా అమ్మ నడిమింటి గడప దగ్గరే ఆగిపోయింది.

"మీ మామ ఈమెను తీసుకపోలేదేంది రా?"

"పసుపే గదమ్మా. సున్నం కొడతా."

"నోర్ముయ్. ఆ ఇంటి ఇల్లాలు నడిమింట్లో కూచోని ఉంటే, పిలవని పేరంటానికి పోయినట్టు మనం పోతామా? నా కోడలికి ఈడ పురుడు పోయను. నేను కాలు పెట్టను."

నా భార్యకు నెలలు నిండాయి. ఆమెకు తల్లి లేదు, పుట్టింట్లో పురుడు పోసేవాళ్ళు లేరు. మేముంటున్న గుడిసె అప్పటికే ఖాళీ చేసి ఇచ్చేశాం. మా అమ్మ కోడల్ని తీసుకుపోయి పెరట్లో ఎద్దుల కొట్టంలో పరుపు వేసింది. కొట్టం కప్పులోంచి ఆకాశం కనబడుతోంది. నల్లమల మీద మబ్బు పడుతోంది. ఎద్దుల పక్కన గడ్డి మీద నా భార్య కనబోతోంది, పది అడుగుల దూరంలో నేను కొన్న ఇల్లు ఖాళీగా ఉంది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా అని మా అమ్మతో కొట్లాడాను. 

ఆ కోపంతోనే సున్నం నానబెట్టి తెచ్చి ఆ గోడకు కొట్టాను.

పసుపు మీద సున్నం పడితే ఎర్రబడుతుంది. ఆడవాళ్ళు కాళ్ళకు పారాణి అట్లాగే చేసుకుంటారు. మొదటి పూతకు గోడ ఎర్రబడుతుందని, ఆరాక ఇంకో పూత వేస్తే తెల్లబడుతుందని నా లెక్క. గోడ ఎర్రబడలేదు. తెల్లగానూ లేదు. తడి సున్నంలోంచి పసుపు పైకి వచ్చింది. ఏళ్ళ తరబడి పొగ పట్టి వెలిసిన పసుపు కాదు, అప్పుడే నూరి పూసినంత పచ్చన. వాసన కూడా పచ్చి కొమ్ము వాసన.

సున్నం చెడిపోయిందేమోనని, మా అమ్మ డబ్బాలో పసుపు తెచ్చి పక్క గోడకు రాసి, అదే కుండలో సున్నం దాని మీద పూశాను. రెప్పపాటులో ఎర్రబడింది. మళ్ళీ ఈ గోడకు పూశాను. పచ్చనే. తడి ఆరింది, పచ్చనే. పై పూత గీకేసి, కొత్త మట్టి మెత్తి, దాని మీద సున్నం కొట్టాను. పొద్దు వాలేసరికి కొత్త మట్టి మీద కూడా ఆ పచ్చదనం తేలింది. చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు చెప్పులు విడిచి నిలబడ్డారు. నాకు భయం వేయలేదు. భయమైతే కోప్పడి తరిమేసేవాణ్ణి. ఇది వేరు. పెద్దవాళ్ళు కూర్చున్న చోటికి తెలియక దూసుకొచ్చి నిలబడినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున రైలెక్కి దొనకొండ పోయాను. వెలుగొండయ్య మామ అల్లుడింటి వసారాలో ఒక మూల కూర్చుని తాడు పేనుతున్నాడు. వియ్యపురాలు నన్ను చూసి ఊరుకోలేదు.

"ఏందబ్బాయ్, ఇల్లు కొనేది అయిపాయ గదా, ఇంకా మా వియ్యంకుడి ఎనకాల పడతాండావు? గోడలు కూడా మోసకచ్చి ఇయ్యాల్నా నీకు?"

"గోడతోనే పనిబడింది పెద్దమ్మా" అన్నాను.

మామ చేతిలో తాడు ఆగిపోయింది. లేచి నన్ను బయటికి తీసుకుపోయాడు. నేను వీధిలోనే మొదలుపెట్టాను.

"ఏ హక్కులూ లేవని రాసిచ్చినావు గదా మామా! ఇదేంది మరి? అమ్మినోడికి బాధ్యత ఉండొద్దా?"

"మనుషుల సంగతి రాసిచ్చినా అల్లుడా. ఆమె సంగతి రిజిస్ట్రారు అడగలా."

"నేను అడుగుతాండా. ఎందుకు తీసుకపోలా?"

"యాడికి తీసుకపోయేది?" అన్నాడు. "ఇది అల్లుడి ఇల్లు. వీళ్ళ ఇంటిపేరు వేరు. మా ఇంటి పేరంటాలు ఈ గడప దాటదు. దాటినా పెట్టే గోడ ఏది? నాకే ఆ మూలన చాప పరిచినారు. పిలిచినాననుకో, ఆమె లేచి యాడికి అంటాది. ఏం చెప్పేది? అందుకే చెప్పకుండా వచ్చేసినా."

నా దగ్గర చట్టం మాటలు చాలా ఉన్నాయి.  నా భార్య కొట్టంలో ఉందని మాత్రం చెప్పాను. ఆయన తలపాగా చుట్టుకుని, "పద" అన్నాడు.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఇల్లు చేరాం. మిద్దె కప్పులోని గవాక్షి తెరిచి ఉంది, నడిమింట్లో ఎండ పడుతోంది. చీకటీ లేదు, దీపం నీడలూ లేవు. మా అమ్మ గడప బయట నిలబడి ఉంది. మంచినీళ్ళు ఇవ్వబోతే మామ వద్దన్నాడు. అమ్ముకున్న ఇంట్లో తాగనన్నాడు. లోపలికి పోయి, గోడను చూసి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.  తర్వాత, పొలం నుంచి వచ్చిన మనిషి ఇంట్లో ఆడమనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"గురవమ్మా, ఇల్లు అమ్మినా. నీకు చెప్పలా. మొగం చెల్లలా. పోదాం రా అనాల్నంటే నాకు ఇల్లు లేదు. ఉండు అనాల్నంటే ఇది ఇప్పుడు నాది కాదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

గోడ పచ్చగానే ఉంది. ఆయన నావైపు తిరిగి, "నా వల్ల కాదు అల్లుడా" అన్నాడు.

అప్పుడు మా అమ్మ గడప దాటింది. కాలు పెట్టనన్న మనిషి, కొంగు భుజం నిండా కప్పుకుని వచ్చి గోడ ముందు కూర్చుంది.

"వదినా" అంది, "అన్నను ఏమీ అనబాక. ఆయనకు గతిలేక ఇచ్చినాడు, మేము గతిలేక కొనుక్కున్యాం. నా కోడలు కొట్టంలో ఉండాది, తల్లి లేని పిల్ల. నువ్వు కూడా ఒకర్ని కన్నదానివే. పోతే నవ్వుతా పో. ఉంటే పెద్దదానిగా ఉండు, ఏటేటా నీ చీర నీకు పెడతా. ఏదైనా సరే, పిల్లను లోపలికి రానీ."

ఆమె మాట ఆపిన తర్వాత, గోడ కింది అంచున ఎరుపు కనిపించింది.

నేల దగ్గర మొదలై పైకి వచ్చింది. మరకలు మరకలుగా కాదు, గుడ్డ నీళ్ళు పీల్చినట్టు సమంగా, నింపాదిగా. తెల్లవారుజామున తూర్పు ఎరుపెక్కినట్టు ఆ పచ్చదనమంతా పారాణి అయిపోయింది. మేము ముగ్గురం చూస్తున్నాం. బయట పెరట్లో ఎద్దు మెడలో గంట వినిపిస్తోంది. నా చేతులు నాకు తెలియకుండానే జోడించి ఉన్నాయి. పోయి గోడను తాకాను. పొడి సున్నం. వేలికి తడి లేదు, రంగు అంటలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఈ మాట ఒక సైన్సు మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వి, అందులో వింతేముందండీ, సున్నం తడిగా ఉన్నప్పుడు పసుపు ఎర్రబడుతుంది, ఆరాక ఆ ఎరుపు పోతుంది అన్నాడు. అయ్యా, నేను చెప్పేది దానికి తలకిందులుగా జరిగింది, తడిలో పచ్చగా ఉండి ఆరిన తర్వాత ఎర్రబడింది అన్నాను. మీరు సరిగ్గా చూసి ఉండరు అన్నాడు. చదువుకున్నవాళ్ళకు ఇది బాగా అలవాటు. తమకు తెలియనిది ఎదుటివాడు చూడలేదంటారు. ఆయన ఇంటికి మళ్ళీ పోలేదు.

మా అమ్మ లేచి, కొట్టంలోకి పోయి, కోడల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. పొయ్యి వెలిగించింది. మామ అప్పుడు మంచినీళ్ళు అడిగి తాగాడు. జొన్న సంగటి పెడితే తిన్నాడు.

సాయంత్రం ఆయన్ను రైలెక్కించడానికి నేనే పోయాను.  బండి వచ్చే ముందు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అల్లుడా, ఎర్రగా అయ్యింది నీకూ కనపడింది గదా?"

"కనపడింది మామా."

"అంటే ఉన్నట్టా, పోయినట్టా?"

ఎవరేమడిగినా జవాబు నాలుక చివర ఉండే మనిషిని నేను. ఆ ముసలాయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె పోయి ఉంటే ఎక్కడికి పోయిందో ఆయనకు కావాలి. ఉండిపోయి ఉంటే, ఆమెను మాకు వదిలి ఒంటరిగా పోతున్నది తాను. తెలియదన్నాను. ఆయన తల ఊపి బండెక్కాడు.

రెండు రోజులకు వాన పడింది. కొట్టం కప్పు ఒక పక్కకు ఒరిగింది. ఆ రాత్రే నడిమింట్లో నాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. తర్వాత ఆ గోడకు సున్నం కొడితే మిగతా గోడల్లాగే తెల్లబడింది.

మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటేటా ఆ తెల్ల గోడ ముందు చీర పెట్టింది. తర్వాత నా భార్య పెట్టింది. నేను అడ్డు చెప్పలేదు, దండమూ పెట్టలేదు. వాళ్ళ వెనక నిలబడి చూసేవాణ్ణి. ఆ చీర ఎవరైనా తీసుకుంటున్నారో, ఖాళీ గోడకు పెడుతున్నామో నాకు ఇప్పటికీ తెలియదు.