ఆవిరి గొట్టం, వేడి సముద్రం

నా ఉద్యోగమే దేన్నీ ఊరికే నమ్మకపోవడం. ఎవరైనా "ఈ వెల్డు బాగానే ఉంది" అంటే, పరికరం పెట్టి చూసేదాకా ఒప్పుకోను. దయ్యాలూ, శకునాలూ, కలలు నిజం కావడాలూ నాకెప్పుడూ పట్టలేదు. మా ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ సంగతి రాస్తున్నప్పుడు కూడా నాకు మొహమాటంగానే ఉంది.

మాది కోనసీమ. కువైట్‌లో ఒక కరెంటు ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుగా పని చేస్తున్నాను. నేనూ, నా భార్య సరళా ఫింటాస్ అనే పేటలో ఉంటాం. బాల్కనీలోంచి చూస్తే రెండు బిల్డింగుల మధ్య కొంచెం సముద్రం కనిపిస్తుంది.

లోహానికీ అలసట ఉంటుంది. మా పుస్తకాల్లో ఆ మాటే వాడతారు. స్టెయిన్‌లెస్ స్టీలుని ఒక్కసారి గట్టిగా లాగితే ఏమీ కాకపోవచ్చు. కొద్దిగా లాగి వదలడం, మళ్ళీ లాగి వదలడం, ఇలా ఏళ్ళతరబడి సాగితే ఎక్కడో వెంట్రుకంత పగులు పుడుతుంది. ఆ తర్వాత ప్రతి లాగుడికీ ఇంకాస్త లోపలికి పోతుంది. విపరీతమైన వేడిలో ఉన్న స్టీల్లో అయితే ఇంకా తొందరగా పోతుంది.

మా ప్లాంటులో ఒక ఆవిరి గొట్టం మలుపు దగ్గర, వెల్డు పక్కన అలాంటి పగులు ఒకటి చలికాలం మరమ్మతుల షట్‌డౌన్‌లో దొరికింది. చిన్నదే. మార్చాల్సిన ముక్క బయట దేశం నుంచి రావాలి. లెక్కలు వేశాం. రోజూ కరెంటు లోడు పెరిగి తగ్గినప్పుడల్లా గొట్టం వేడెక్కి చల్లబడుతుంది కాబట్టి, పగులు ఎంత పెరుగుతుందో అంచనా కట్టాం. మళ్ళీ చలికాలం దాకా ఢోకా లేదని తేలింది. ఆ లెక్క నాదే. అందులో తప్పు నాకు ఇప్పటికీ కనబడలేదు.

తర్వాత ఎండాకాలం వచ్చింది. కువైట్‌లో ఆ నెలల్లో మధ్యాహ్నం పూట ఆరుబయట పని చేయించకూడదు. పనివాళ్ళు వాళ్ళ షెడ్డులో పడుకుంటారు. నేను మా క్యాబిన్‌లో, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవాణ్ణి. కిటికీ బయట దుమ్ము. ఎండ తెల్లగా కాకుండా పాలలో పసుపు కలిపినట్టు ఉండేది. ఏసీ చప్పుడు వింటూ వింటూ నిద్రలోకి జారిపోయేవాణ్ణి.

కల అప్పుడే మొదలైంది.

ఒక సముద్రపు ఒడ్డు. అలల్లేవు, చప్పుడు లేదు. నీళ్ళు బూడిదరంగులో, పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఒడ్డున ఒకావిడ పీట వేసుకుని కూర్చుంది. వెలిసిపోయిన పసుపు చీర, తడిసిన అంచు. ఆవిడ వెనక ఒక ఇల్లు ఉంది. దానికి తలుపుల్లేవు, మూలల్లేవు. గోడ గుండ్రంగా తిరిగి, మసక వెలుతురులో మెరుస్తూ ఉంది. నేను వంగి నీళ్ళు ముట్టుకుంటే వేడిగా తగిలాయి. కాలలేదు. స్నానానికి కాచిన నీళ్ళలా హాయిగా ఉన్నాయి.

అంతే. భయపడేదేమీ లేదు. లేచాక చాలాసేపు మనసు ప్రశాంతంగా కూడా ఉండింది.

రెండు మూడు రోజులకి అదే కల మళ్ళీ వచ్చింది. ఈసారి నీళ్ళు కాస్త ముందుకొచ్చాయి. ఆవిడ లేచి, పీట కాస్త వెనక్కి జరుపుకుని మళ్ళీ కూర్చుంది. ఆ తర్వాత కూడా అంతే. నీళ్ళు రావడం మాత్రం ఎప్పుడూ కనబడేది కాదు. ఎప్పుడు చూసినా అప్పటికే వచ్చి ఉండేవి. ఇసుకలో అంతకు ముందు నీళ్ళు ఆగిన చోటల్లా ఒక సన్నటి గీత ఉండేది.

ఇక్కడొకటి నేనే చెప్పాలి. అలసటతో విరిగిన లోహాన్ని తెరిచి చూస్తే, లోపల పగులు ఆగిన చోటల్లా గీతలుంటాయి. వాటిని మేం బీచ్ మార్కులంటాం. ఒడ్డున కెరటం వదిలిన గీతల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. అందుకని నా బుర్రే పగులుని సముద్రం చేసి చూపిస్తోందని సరిపెట్టుకున్నాను. సరళతో చెప్తే నవ్వి, ఇంటికొచ్చాక కూడా ఆ గొట్టం గోలేనా అంది.

తర్వాత కలలో ఆవిడ మొదటిసారి మాట్లాడింది. నా వైపు తిరక్కుండా, పొరుగింటి మనిషితో చెప్పినట్టు చెప్పింది. "నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేసినాయండి. ఇంకొంచెం వస్తే ఇల్లు తడిసిపోద్దండి."

అచ్చం మా ఊరి యాస. విన్నవెంటనే మెలకువ వచ్చింది.

రెడ్డెప్ప గురించి ఇప్పుడు చెప్పాలి. అతనిది అన్నమయ్య జిల్లా. గొట్టాల మీద దూదిలాంటి ఇన్సులేషన్ చుట్టి, పైన అల్యూమినియం రేకు వేసే పని. నాకంటే వయసులో పెద్ద. తక్కువ మాట్లాడే మనిషి. ఒకరోజు పని మొదలయ్యే వేళకి నీళ్ళ సీసా నింపుకోవడానికి మా క్యాబిన్‌కి వచ్చి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"సార్, మీ పక్క సముద్రం ఉంటాది కదా. సముద్రం ఇంటి మీదికొచ్చినట్టు కలొస్తే మంచిదా, చెడ్డదా?" అని అడిగాడు.

ఇంటి దగ్గర అతని కూతురికి నెలలు నిండుతున్నాయి. దానికేమైనా సూచనేమోనని అతని దిగులు. నేను తేలిగ్గానే అడిగాను, కలలో ఏముందని. చెప్పాడు. కదలని నీళ్ళు. పీట మీద ఒకామె. వెనక్కి జరుపుకుంటూ ఉంటుంది. నీళ్ళు వేడిగా ఉంటాయి.

ఆమె ఏమైనా మాట్లాడిందా అని అడిగాను.

"మాట్లాడింది సార్. నీళ్లు ఈడిదాకా వచ్చిండాయి నాయనా, ఇంగ రవ్వంత వస్తే ఇల్లు తడిసిపోతాది అనింది. మా పక్క ఆమెనే అనుకుంటి."

నా కల గురించి ప్లాంటులో ఎవరికీ చెప్పలేదు. అతను పడుకునే షెడ్డు ప్లాంటుకి అవతలి చివర. అతను వెళ్ళబోతూ ఆగి, ఆ ఇల్లు మాత్రం తనకు తెలుసన్నాడు.

"దానికి మేమేసే రేకే ఏసిండారు సార్. ఒకచోట వంకరగా అతుకుంది. ఆ అతుకు నేనేసిందే."

ఎక్కడ వేశావని అడిగాను. అతను చెప్పింది పగులున్న ఆ మలుపే.

ఎండ వాలాక ఇద్దరం అక్కడికి ఎక్కాం. రేకు మీద అతుకు అతను చెప్పినట్టే వంకరగా ఉంది. ఎక్కడా ఆవిరి బుస లేదు, తడి లేదు. కింద దారిలో ఆపరేటర్లు వస్తూ పోతూ ఉన్నారు. ఆ వారంలోనే పక్క లైనుకి ఇన్సులేషన్ చుట్టే పనికి అక్కడ స్కాఫోల్డింగ్, అంటే పరంజా, కట్టాలి. ఇక రెడ్డెప్ప, అతని జట్టూ రోజంతా ఆ గొట్టం పక్కనే ఉంటారు. గొట్టం పగిలితే ఆ ఆవిరి ముందు మనిషి నిలవడు.

అంత వేడి మీద మా పరికరం పనిచేయదు. కొలవాలంటే ఆ గొట్టంతో నడిచే కరెంటు యూనిట్ మొత్తం ఆపి చల్లబరచాలి. ఎండాకాలం నడిమధ్య యూనిట్ ఆపమని ఎవరు అడుగుతారు? ఏమని అడుగుతారు?

అయినా మర్నాడు పొద్దున్నే మా పైఅధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది ఈజిప్టు, అలెగ్జాండ్రియా. పేరు సమీర్. అరబ్బీలో ఇంజనీరుని ముహందిస్ అంటారు, ఆయన్ని అందరూ ముహందిస్ సమీర్ అనేవారు. లెక్క తప్పితే అరిచే మనిషి. ఈ ఏడు లోడు మేం అనుకున్నదానికంటే ఎక్కువసార్లు ఊగిందని, అంచనా మళ్ళీ చూడాలని చెప్పాను. అది నిజమే. కానీ దానికోసం యూనిట్ ఆపరని నాకూ తెలుసు.

ఆయన నా కాగితాలు చూడలేదు. కిటికీ బయట దుమ్ము వైపు చూస్తూ, "ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు.

చల్లబడితే గాని కొలవలేమని చెప్పాను. తను అడిగింది అది కాదన్నట్టు తల ఊపి, ఫోన్ తీశాడు. అరబ్బీలో చాలాసేపు వాదించాడు. అవతలివాళ్ళు ఒప్పుకోవడం లేదని తెలుస్తూనే ఉంది. బాధ్యత తనదేనన్న ఒక్క ముక్క నాకు అర్థమైంది. చివరికి ఖలాస్ అని ఫోన్ పెట్టేసి, లోడు తగ్గగానే యూనిట్ ఆపుతున్నారని నాతో అన్నాడు. ఎందుకు ఒప్పుకున్నారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గొట్టం చల్లబడ్డాక రేకూ దూదీ రెడ్డెప్పే విప్పాడు. నేను పరికరం పెట్టాను. స్క్రీన్ మీద చూసింది నమ్మలేక, తుడిచి మళ్ళీ పెట్టాను. పగులు గొట్టం మందాన్ని దాదాపు దాటేసింది. ఇటువైపు మిగిలింది గోరంత లోహం.

పగులున్న ముక్క కోయించి, ల్యాబులో పగులు తెరిపించాం. లోపలి ముఖం మీద గీతలున్నాయి. మొదట్లో దగ్గరదగ్గరగా, బయటి అంచుకి వచ్చేకొద్దీ దూరదూరంగా. ల్యాబు ఆయన దాన్ని వెలుతురుకి తిప్పి చూసి, ఇంకొక్కసారి వేడెక్కితే పోయేదన్నాడు. నేను ఆ గీతల్నే చూస్తూ ఉండిపోయాను. బూడిదరంగు ముఖం, పసుపు అంచు. వేడికి స్టీలు అలా రంగు మారుతుంది. దానికి కారణం నాకు తెలుసు. అయినా ఎంతసేపు చూశానో తెలియదు, ఆయన భుజం తట్టేదాకా.

రెడ్డెప్ప కూతురికి సుఖప్రసవం అయింది. ఆడపిల్ల. క్యాబిన్‌కి ఖర్జూరాలు తెచ్చిచ్చాడు. కల సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మాకు మళ్ళీ ఆ కల రాలేదని మాత్రం ఒకరి మొహం చూసి ఒకరికి తెలిసింది.

తర్వాతి ఏడు సమీర్ ఉద్యోగం వదిలి అలెగ్జాండ్రియా వెళ్ళిపోయాడు. ఆఖరి రోజు టీ పార్టీ అయ్యాక, నేను ఆయన పెట్టె మోసుకుంటూ కారుదాకా వెళ్ళాను. డిక్కీ మూసి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

"ఆవిడ నీతో ఏ భాషలో మాట్లాడింది?"

మా ఊరి భాషలో అని చెప్పాను. తల ఊపి, తనతో తన అమ్మమ్మ వీధిలోవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడిందన్నాడు. ఇంకేమీ అనకుండా కారెక్కాడు.

ఆయనకి ఎవరు చెప్పి ఉంటారని చాలా ఆలోచించాను. నేను చెప్పలేదు. రెడ్డెప్పకి ఇంగ్లీషు రాదు, అరబ్బీ పనికి సరిపడా నాలుగు ముక్కలు. అడిగితే, ఆయనతో తనెప్పుడూ మాట్లాడనే లేదన్నాడు. ముగ్గురం ఒకే గొట్టం గురించి దిగులుపడ్డాం కాబట్టి ఒకే కల వచ్చిందని అనుకుందామా? రెడ్డెప్పకి అప్పటికి ఆ పగులు సంగతే తెలియదు. అది నాకూ, సమీర్‌కీ, ఇంకో ఇద్దరికీ మాత్రమే తెలుసు.

నేను ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు అదే క్యాబిన్‌లో కళ్ళు మూసుకుంటాను. నిద్ర పడుతుంది, కల మాత్రం రాదు. మా ప్లాంటులో అలాంటి వెల్డులు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆవిడ రాకపోవడమంటే వాటన్నిటికీ ఏమీ కాలేదని అర్థమో, ఆవిడే ఇక్కడ లేదని అర్థమో నేను తేల్చుకోలేకపోతున్నాను.